టవలు కింద పట్టుకున్న చెయ్యి

నిన్న పుంగనూరు సంతలో నాకు జరిగింది ఎవురికీ చెప్పకూడదనే అనుకున్నా. మా ఆమె కూడా చెప్పొద్దనింది. కానీ పొద్దున్నించీ కడుపులో ఆగడంలేదప్పా! ఇంకో టీ చెప్పండి, చెప్తా. ఒగటే మాట, ఇది ఈ బెంచీ దాటి బయటికి పోకూడదు. ముఖ్యంగా నీకే చెప్తాండేది రెడ్డెప్పా. నీ నోట్లో నువ్వుగింజ నానదు.

సంగతేందంటే, నేను ధ్యానం చేస్తా చేస్తానే మా ఆమె ఆవును అమ్మేసినా.

నవ్వొద్దండి! ఇంకా మొదలే పెట్టలా.

నేనెట్లాటోణ్ణో మీకు తెలుసు గదా. పద్దెనిమిదేండ్లుగా టమాటా మండీలో ఉండా. బాక్సులో పై వరస ఎర్రగా నిగనిగలాడతాంటే నా చెయ్యి నేరుగా అడుగుకు పోతాది. అడుగున ఏముండాదో చూడందే నాకు తోచదు. పెండ్లికి పోయినా అంతే. పాయసంలో జీడిపప్పు పైపైనే ఉండాదా, అడుగున కూడా ఉండాదా అని గరిటె పెట్టి తిప్పి చూస్తా. "నీతో కలిసి బంతికి కూసుంటే తల ఎత్తుకోలేను" అంటాది మా సరోజ. అంటే అననీ. తిప్పి చూసినోడెవుడూ ఇంతవరకు మోసపోలేదు. నిన్నటివరకు!

ఈ కత అంతా బీపీతో మొదలైంది. ఉగాదికి ముందర ఆ లారీ డ్రైవరు మీద టమాటా బాక్సు ఇసిరేసినా, మీరే గదా నన్ను పట్టుకునింది. ఆ పొద్దు కండ్లు తిరిగి పడిపోతే డాక్టరు చూసి, "మాత్రలు రాస్తాను, మింగు. దాంతోపాటు కోపం తగ్గించుకో. ధ్యానం లాంటిది ఏమన్నా చెయ్యి" అన్నాడు. మా వీధి చివర ఈశ్వరప్ప సారు ఉండాడు కదా, రిటైర్డు హెడ్‌మాస్టరు. సాయంకాలం పూట వాళ్ళింటి వరండాలో పది మందిని కూసోబెట్టి ధ్యానం నేర్పిస్తాంటాడు. సరే అని పోయినా.

"ఫీజెంత సారూ?" అంటి.

"ఫీజేం లేదప్పా. దా, కూసో."

ఫీజు లేదంట! అంతే, నాకు అనుమానం పట్టుకునింది. ఊరికే యాల నేర్పిస్తాడప్పా ఎవుడైనా? ఎలక్షన్లలో వార్డుకు నిలబడతాడేమో అనుకున్నా. నిలబడలా. బెంగళూరు రోడ్డులో ప్లాట్లు వేసి అమ్ముతాడేమో అనుకున్నా. ఆయనకు ఉన్నింది ఆ పెంకుటిల్లు ఒగటే. ఇన్సూరెన్సు పాలసీలు కట్టిస్తాడేమో, ఏ మూలికల పొడో అంటగడతాడేమో అని నెలరోజులు కనిపెట్టుకోనున్నా. ఒగరోజు తాగేదానికి నీళ్ళు కావల్లని లోపలికి పొయ్యి అల్మారా ఎనకాల కూడా తొంగి చూసినా. పాత పరీక్ష పేపర్లు తప్ప ఏమీ లేవు. ఆఖరికి ఓర్చుకోలేక అడిగేసినా.

"సారూ, ఆఖర్న నువ్వు అమ్మేది ఏమి? ఇప్పుడే చెప్పేయ్. కుదిరితే నేనే మొదట బోణీ చేస్తా."

ఆయన నవ్వినాడు సూడండి, దగ్గొచ్చేదాకా నవ్వినాడు. కండ్లద్దాలు తీసి తుడుచుకోని, "రెండే మాటలప్పా" అన్నాడు. "రోజూ ఒగే టైముకు కూసో. ఇరవై నిమిషాలు. ఆ టైముకు నువ్వు యాడుంటే ఆడనే. రెండోది, దాన్నుంచి ఏమీ ఆశించొద్దు. వెలుగు కనపడల్ల, శబ్దం వినపడల్ల, బీపీ దిగల్ల, ఏదీ వొద్దు. కూసో, లెయ్. అంతే."

ఏమీ ఆశించకుండా పనిచేసేవోణ్ణి మన మండీలో ఎవుర్నన్నా చూసినారా మీరు? గానుగెద్దు కూడా సాయంకాలం గడ్డి పెడతారనే తిరుగుతాది. దీంట్లో ఏదో ఉండాది, అదేందో తేల్చుకోవల్లంటే రోజూ చేసి చూడాల్సిందే అనుకున్నా. పొద్దున ఏడు గంటలు నా టైము. వానొచ్చినా, మండీలో వేలంపాట జోరుగా ఉన్నా, ఏడైతే కండ్లు మూయాల్సిందే. ఒగతూరి సెలూన్లో ఏడైంది. కుర్చీలోనే కండ్లు మూసుకున్నా. తెరిచేలోగా నా మీసం లేదు! "నువ్వు ఏమీ మాట్లాళ్ళేదు, సరేననుకున్నా అన్నా" అన్నాడు ఆ పిల్లోడు. మూడు వారాలు మా ఆమె నన్ను చూసి మొగం తిప్పుకునింది. అయినా ఒగరోజు కూడా మానలా.

ఎనిమిది నెల్లు. ఏమైనా కనిపించిందా? చీకటి! చీకట్లో ముందురోజు టమాటా రేటు.

మిగిలినోళ్ళకు మాత్రం అన్నీ కనిపిస్తాండాయి. బ్యాంకులో పనిచేసే నారాయణకు నీలం వెలుగు కనిపిస్తాదంట. కాంతమ్మ టీచరుకు గంట వినపడతాదంట. అబద్ధాలు చెప్తాండారని నాకు గట్టి అనుమానం. ఆ గంట వాళ్ళ పక్కింటి ఐస్‌ఫ్రూట్ బండిది అయ్యుంటాది. అయినా లోపల ఒగటే కుళ్ళు. వీళ్ళకొచ్చి నాకెందుకు రాదు? వీళ్ళకంటే నేనేం తక్కువ కూసున్నానా? సారు అడిగినప్పుడు మాత్రం, "నాకేం ఆశ లేదు సారూ" అని బుద్ధిమంతుడి మాదిరి చెప్తా వచ్చినా. పచ్చి అబద్ధం! రోజూ లేచేముందర ఒగ నిమిషం ఎక్కువ కూసుంటా, ఏమన్నా ఆలస్యంగా వస్తాదేమో అని.

ఇంక ఆవు కత. మా బుడ్డిని మీరు చూసినారు కదా. పుంగనూరు జాతి, నా మోకాలికంటే రొంత ఎత్తు. అది పుట్టిన మూడో రోజే వాళ్ళమ్మ పాము కరిచి సచ్చిపోయింది. సరోజనే సీసాతో పాలు తాపి పెంచింది. రాత్రిళ్ళు లేచి గోనెపట్ట కప్పేది. ఇప్పుడు కూడా వంటింటి వాకిట్లోనే పడుకుంటాది అది. సరోజ నాతో మాట్లాడేదానికంటే దాంతో మాట్లాడేదే ఎక్కువ. మాకు పిల్లల్లేరు, మీకు తెలియంది కాదు. అది ఆవు అనేది మా ఇంట్లో నాకు ఒగడికే గుర్తుండాది.

మొన్న సాయంకాలం నుంచి బుడ్డి ఒగటే అరుపులు. ఎదకొచ్చింది. పెద్ద జాతి ఎద్దు దగ్గరికి తీసకపోతే ఈనేటప్పుడు ప్రాణం మీదికొస్తాదని సరోజ భయం. పుంగనూరు దాటినాక వాళ్ళన్న కిష్టప్ప ఊరుండాది, ఆడ ఈ జాతి ఎద్దే ఉండాది. ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసి చెప్పినాం. పొద్దున ఏడున్నరకు సంత దగ్గర కల్వర్టుకాడికి బండి కట్టుకోనొస్తానన్నాడు కిష్టప్ప. మండీ నుంచి ఖాళీగా పోయే టెంపోలో నేనూ బుడ్డీ పోవల్ల. ఇదీ ఏర్పాటు.

టెంపో ఎక్కేటప్పుడు సరోజ నా చొక్కా పట్టుకునింది.

"సంత గేటు మాత్రం దాటొద్దు."

"నేనెందుకు దాటుతానే?"

"పోయినేడు నా పొట్టేలును మేపుకోనొస్తానని తోలుకోని పొయ్యి అమ్మేసొచ్చింది ఎవురు?"

"అది మంచి రేటు వచ్చిందని..."

"రేటు! అదే చెప్తాండా. నీకు రేటు కనిపిస్తే పెండ్లాం కనపడదు. బుడ్డికి ఏమన్నా అయిందో, మళ్ళా నా మొగం చూడొద్దు."

నవ్వతా చెప్పలేదప్పా. పొట్టేలు పోయినాక నెలరోజులు నాకు ముద్ద పెట్టి పక్కకు పోతాండె, ఒగ మాట మాట్లాడకుండా. ఆ నెల నాకు గుర్తుంది. సరే, గేటు దాటను అని బుడ్డి తల మీద చెయ్యి పెట్టి చెప్పినా.

ఆరుంముక్కాలుకు టెంపోవాడు సంత ముందర దింపేసి పోయినాడు. బుడ్డి దాహంతో నాలిక బయట పెడతాండాది. నీళ్ళతొట్టి యాడుండాది? గేటు లోపల! నాలుగడుగులు. నాలుగంటే నాలుగే. నీళ్ళు తాపి బయటికొచ్చేద్దామని లోపలికి పోయినా. అది తాగతాంది, తాగతాంది, తాగతానే ఉండాది. ఇంతలో వాచీ చూస్తే ఏడు.

ఏడు! ఏం చేయల్ల? ఆ టైముకు యాడుంటే ఆడనే అని కదా సారు చెప్పింది. బుడ్డిని ఎనక గుంజకు కట్టేసి, ముందర ఒగ రాయి మీద కూసున్నా. కాలు మడిచినా. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ముద్ర పెట్టినా. చూస్తే, ఎదురుగా మన మండీకి టమాటా తెచ్చే గంగవరం రైతులిద్దరు పోతాండారు. వాళ్ళు నన్ను ఈ వాటంలో చూస్తే రేపు మండీలో నా పరువేంగావల్ల? భుజం మీది టవలు తీసి రెండు చేతుల మీదా కప్పేసినా. ముద్ర ఎవురికీ కనపడదు. ఎంత తెలివి!

మీకు తెలుసు, సంతలో పశువు పక్కన కూసోని చేతుల మీద టవలు కప్పుకున్నాడంటే దానర్థం ఏమి? బేరానికి రమ్మని! సంతలో రేటు నోటితో చెప్పరు గదా. కొనేవోడు టవలు కింద చెయ్యి పెట్టి వేళ్ళు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వేల రూపాయలు. వొద్దంటే వేళ్ళు ఇదిలించుకోవల్ల. సరేనంటే తిరిగి నొక్కల్ల. నొక్కితే ఖాయం, ఇంక బ్రహ్మదేవుడు దిగొచ్చినా తిరుగులేదు. మా నాయన ఈ సంతలోనే ముప్పై ఏండ్లు దళారి పని చేసినాడు. నేను నిక్కరేసుకున్నప్పుడే ఆయన టవలు కింద చెయ్యి పెట్టి నేర్చుకున్నోణ్ణి. నాకు తెలవదా? తెలుసు! కానీ ఆ నిమిషానికి ముద్ర దాచుకోవల్లనే యావ తప్ప వేరే ఏదీ తలకెక్కలా.

కండ్లు మూసుకున్నా. అయిదు నిమిషాలు అయ్యుంటాది. చుట్టూ అరుపులు, పేడ వాసన, లోపల మామూలు చీకటే. ఉన్నట్టుండి టవలు అంచు లేచింది. ఒగ చెయ్యి లోపలికొచ్చింది. వెచ్చగా, గట్టిగా, నా నాలుగు వేళ్ళూ పట్టుకునింది.

ఒళ్ళంతా జల్లుమనింది అప్పా! ఎనిమిది నెల్లు! నారాయణకు వెలుగొచ్చింది, కాంతమ్మకు గంటొచ్చింది, నాకు ఏకంగా చెయ్యే వచ్చింది! కండ్లు తెరవొద్దు, తెరిస్తే పోతాది అని నాకు నేనే చెప్పుకున్నా. ఆ చెయ్యి ఒగ వేలు వదిలింది, మళ్ళా పట్టుకునింది. నన్ను పరీక్ష చేస్తాండాడు సామి అనుకున్నా. రొంత బీడీ వాసన కూడా వచ్చింది. దేవుడికాడ బీడీ వాసనేంది, అనుమానం రాలేదా అంటారు. వచ్చింది! పుట్టినాక మొదటితూరి, వచ్చిన అనుమానాన్ని నేనే తోసేసినా. ఆ చెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది. నేను రెండు చేతుల్తో పట్టుకోని, కండ్లెంబడి నీళ్ళు కారతాంటే, నా బలమంతా పెట్టి తిరిగి నొక్కినా.

"ఖాయం సామీ, ఖాయం!"

కండ్లు తెరిచినా. ముందర ఎర్ర తలగుడ్డ, నెరిసిన మీసం, చెవి మీద బీడీముక్క. నా జేబులోకి ఏందో కుక్కి, బుడ్డి పలుపు ఇప్పతాండాడు.

"ఏయ్! ఎవురప్పా నువ్వు? పలుపు వదులు!"

"నేను మునెప్ప, కుప్పం నుంచి వచ్చినా. నాలుగు వేళ్ళకు నొక్కితివి గదప్పా. బయానా డబ్బులు జేబులో పెట్టినా. అంత గట్టిగా నొక్కినోణ్ణి నేను యాడా చూళ్ళా. ఏడుస్తాండావు కూడా. పెంచిన పశువు కదా, ఉంటాది బాధ."

"నేను అమ్మలేదు! నేను ధ్యానం చేస్తాండా!"

అంతే, ముప్పై మంది చుట్టూ చేరినారు. "ఏందంట?" "ధ్యానమంట." "సంతలోనా?" "రేటు చాల్లేదేమో, కొత్త నాటకం." ఒగడు నా మొగంలోకి తొంగి చూసి, "మదనపల్లి మండీవోడు, వీళ్ళను నమ్మేదానికిలేదు" అన్నాడు. చూసినారా అప్పా! జీవితమంతా ఊరందర్నీ నేను అనుమానించినా. నిన్న మాత్రం ముప్పై మంది కలిసి నన్ను అనుమానించినారు, అదీ నేను నిజం చెప్తాంటే!

ఆ గుంపును తోసుకోని గంగులప్ప వచ్చినాడు. సంతలో దళారులందరికీ పెద్ద, మా నాయనతో కలిసి పని చేసినోడు. కర్ర ఆనించి నన్ను ఎగాదిగా చూసినాడు.

"నువ్వు చెంగల్రాయప్ప కొడుకువు గదా? మీ నాయన బేరానికి చెయ్యి ఇచ్చినాడంటే ఇచ్చినట్టే. ముప్పై ఏండ్లలో ఒగ్గసారి కూడా మాట తిప్పుకోలా."

"మామా, నాకు ఒళ్ళు తెలీలా. ధ్యానంలో ఉంటి."

"ఒళ్ళు తెలవనోడివి అంత గట్టిగా యాల నొక్కితివి?"

దేవుడనుకున్నా అని ఎట్ల చెప్పల్ల, అంత మందిలో? "అదే... వేళ్ళు వాటికవే నొక్కేసినాయి" అంటి. గుంపంతా గొల్లుమనింది.

గంగులప్ప మాత్రం నవ్వలేదు. "సరే, తేలుస్తాం. మళ్ళా కూసో. ఇరవై నిమిషాలన్నావే, అంతసేపూ కూసో. మావోళ్ళు టవలు కింద చెయ్యి పెడతారు, రేటు చెప్తారు. నువ్వు నిజంగా ఒళ్ళు తెలవని మనిషివైతే కన్ను గానీ వేలు గానీ కదలదు. కదల్లేదా, ఆవు నీది, మునెప్ప బయానా మునెప్పకు. కదిలినావా, నీకు బేరం తెలిసే నొక్కినట్టు. ఆవు మునెప్పది. ఒప్పుకుంటావా?"

ఒప్పుకోక ఏం చేయల్ల? కూసున్నా. కండ్లు మూసుకున్నా. అప్పా, ప్రపంచంలో ఎవురైనా అంత మంది మధ్యన, ఆవును పందెం పెట్టి ధ్యానం చేసినారా?

మొదటి చెయ్యి వచ్చింది. అయిదు వేళ్ళు పట్టుకునింది. కదల్లా. రెండో చెయ్యి అయిదు వేళ్ళు పట్టుకోని, వదిలి, మళ్ళా ఒగ వేలు పట్టుకునింది. ఆరు! నోట్లో నీళ్ళూరినాయి, అబద్ధమెందుకు. కదల్లా. మూడోవాడు అరచేతిలో గిలిగింత పెట్టినాడు. పండ్లు బిగబట్టినా. నాలుగోవాడు వచ్చి చిటికెనవేలు ఒగటి పట్టుకోని ఊపినాడు. ఒగ వేలు! మా బుడ్డికి ఒగ వేలా? దున్నపోతుకు కూడా అంతకంటే ఎక్కువ పలుకుతాది కదరా అని నోటిదాకా వచ్చింది. బీపీ ఎక్కడం చెవుల్లో వినపడింది. దిగమింగుకున్నా.

అంతలో ఎనకాల బుడ్డి గంట మోగింది. గణగణ, గణగణ. తల ఊపింటాది అనుకున్నా. మళ్ళా మోగింది. ఈసారి రొంత దూరంగా. మళ్ళా ఇంకా దూరంగా!

తోలుకోని పోతాండారు! నన్ను ఈడ కండ్లు మూయించి, ఎనక నుంచి ఆవును కొట్టేస్తాండారు! పరీక్ష అంటే ఇదా? ఈ గంగులప్పా, మునెప్పా అందరూ ఒగటేనా? తెరిస్తే ఓడిపోయినట్టు, ఆవు పోతాది. తెరవకుంటే ఎట్లైనా ఆవు పోతాంది. ఏమీ ఆశించకుండా కూసోమన్న సారు మాట అప్పుడన్నా అర్థమైందా అని అడగతారేమో. లేదు! నిన్న ఆ పది నిమిషాల్లో నేను ఆశించినంత పుట్టినాక ఎప్పుడూ ఆశించలేదు. బుడ్డి పోతే ఇంటికి ఎట్ల పోవల్ల? సరోజకు ఏం మొగం చూపించల్ల? సీసాతో పాలు తాపతాండే ఆమె చెయ్యే కండ్ల ముందర కనపడతాండాది. ఏడుపొచ్చేసింది నాకు, నిజంగా.

అప్పుడు టవలు మళ్ళా లేచింది. ఒగ చెయ్యి వచ్చింది. గాజులు గలగలమన్నాయి. సంతలో గాజులా? ఆ చెయ్యి రేటు ఏమీ చెప్పలా. నా చిటికెనవేలు పట్టుకోని, వెనక్కి ఒగటే మెలి.

"అమ్మా!" అని ఎగిరి నిలబడినా.

సరోజ! భుజానికి సంచి, మొగం కందగడ్డ మాదిరి ఎర్రగా. నామీద నమ్మకం లేక, మా టెంపో ఎనకనే బస్సెక్కి వచ్చేసిందంట.

"కదిలినాడు! కదిలినాడు!" అని గుంపంతా అరిచింది. "ఆవు నాది!" అని మునెప్ప గుంజ తట్టుకు తిరిగినాడు. గుంజ ఉండాది, ఆవు లేదు. అందరూ నా వేళ్ళనే చూస్తాంటే ఆవును ఎవురు చూస్తారు?

"నా ఆవును మా అన్న బండెనక కట్టుకోని పోతాండాడు. ఈపాటికి కల్వర్టు దాటింటాడు" అనింది సరోజ. "అది నాది. నేను సీసాతో పాలు పోసి పెంచినా. అమ్మేదానికి ఈయనెవురు, కొనేదానికి మీరెవురు?"

గంగులప్ప నా తట్టు తిరిగినాడు.

"ఏమప్పా, నిజం చెప్పు. ఆవు నీదా, ఈయమ్మదా?"

నాది అంటే నా మాట నిలబడతాది, మా నాయన పేరు నిలబడతాది, బుడ్డి కుప్పం పోతాది. ఆమెది అంటే, నాది కాని పశువుకు చెయ్యి ఇచ్చినోణ్ణని సంతంతా ఉమ్మేస్తాది. దళారి కొడుక్కు అంతకంటే అవమానం లేదు. సరోజ నా మొగంలోకే చూస్తాండాది. పొట్టేలు పోయినప్పుడు చూసిన చూపే.

"ఆమెదే మామా" అంటి. "నాకు హక్కు లేదు."

గంగులప్ప కర్ర నేలకు కొట్టినాడు. "సొంతదారు చెయ్యి కాదు. బేరం చెల్లదు. వానిది వానికి ఇచ్చెయ్." జేబులోది తీసి మునెప్ప చేతిలో పెట్టి రెండు చేతులూ జోడించినా. "మా నాయనకు నీమాదిరి కొడుకు పుట్టలేదు, మంచిదైంది" అన్నాడొగడు గుంపులోనుంచి. మాట పడినా. ఏం చేయల్ల?

మునెప్ప మాత్రం మంచోడప్పా. "మా వాకిలి చిన్నదమ్మా, ఇట్లాటి ఆవుకోసం మూడు సంతలు తిరిగినా" అన్నాడు సరోజతో. "ఈనిన తర్వాత దూడ అమ్మేదుంటే నాకు చెప్తావా?"

"చూస్తాం పెద్దాయనా. బేరం మాత్రం నాతోనే" అనింది సరోజ. ఆయన తల ఊపినాడు. నాకేసి మాత్రం చూళ్ళా.

మదనపల్లి బస్సు ఎక్కినాం. సరోజ కిటికీ పక్కన కూసోని, పక్క సీట్లో సంచి పెట్టుకునింది. నేను కమ్మీ పట్టుకోని నిలబడినా. ఊరు దాటింది, గుట్టలు దాటినాయి. సగం దూరం వచ్చినాక, కిటికీలోనుంచి చూస్తానే అడిగింది.

"మొదట ఆ ముసలాయన పట్టుకున్నప్పుడు, ఎవురనుకోని నొక్కినావు?"

సంతలో చెప్పలేదు గానీ, ఆమెకు అబద్ధం చెప్పలేకపోయినా. "దేవుడనుకున్నా" అంటి.

కండక్టరు వచ్చి టికెట్టు కొట్టి పోయినాడు. ఆ తర్వాత తిరిగి చూసింది.

"దేవుడే అనుకో. నన్నడక్కుండా నా ఆవును ఇచ్చేస్తావా?"

ఏం చెప్పల్ల అప్పా దానికి? మీరే చెప్పండి! ఈశ్వరప్ప సారు దగ్గర కూడా ఉండదు దానికి జవాబు.

"రేపు మళ్ళా ఏడుకు కూసుంటావా?" అనింది.

"కూసుంటా. మానకూడదు."

"మళ్ళా ఎవురైనా చెయ్యి పట్టుకుంటే?"

"ఇంట్లో అడిగి చెప్తా అంటా."

"దేవుడైతే?"

"దేవుడైనా అంతే. 'ఉండు సామీ, ఇంట్లో అడిగి చెప్తా' అంటా."

అప్పుడు తీసింది సీటు మీద నుంచి సంచి.